వార్సమే తర్వాత

రాహో అంటే సుఖం. పుట్టగానే ఆ పేరు పెట్టిన నాయనమ్మ ఏ కలలు కన్నదో గానీ, డెబ్బై ఏళ్ళు మీద పడుతున్నా ఆ సుఖం ఎర్రగా ఉంటుందో నల్లగా ఉంటుందో రాహోకి తెలియదు. మొగుడు పోయాడు. కడుపున పుట్టిన ఒక్కగానొక్క మగపిల్లాడు పాలు మరవకముందే పోయాడు. తోడబుట్టిన తమ్ముడు ఒంటెల వెంట తిరిగి తిరిగి, పెళ్ళి మాట ఎత్తితే వచ్చే వానలకి చూద్దామని దాటేసి దాటేసి, చివరికి పెళ్ళీ పెటాకులూ లేకుండానే జ్వరంతో పోయాడు. ఆ తర్వాత ఒంటెలు పోయాయి, గొర్రెలు పోయాయి, నడిచే ఓపిక కూడా పోయింది. బూరావో ఊరి బయట, కరువు తరిమిన జనం పుల్లలూ పాత బట్టలూ కట్టి వేసుకున్న గుడిసెల్లో ఒక గుడిసె, రెండు మేకలు, మోకాళ్ళ నొప్పులు మాత్రం మిగిలాయి.

అక్కడ మనుషులకే కాదు, కరువులకు కూడా పేర్లు పెడతారు. మొన్నటి కరువుకు పెట్టిన పేరుకి అర్థం ‘సమం చేసేది’ అని. ఒంటెల మందలున్న ఆసామినీ, ఒక్క మేక లేనివాడినీ తెచ్చి ఒకే నీళ్ళ లారీ ముందు ఒకే వరసలో డబ్బా పట్టించింది కదా, అందుకని. పేర్లు పెట్టడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు. తినడానికి ఏమీ లేకపోయినా పేరు మాత్రం ఉంటుంది.

రాహోకి ఒక అలవాటుంది. పొద్దున్నే మేక పొదుగు కింద గిన్నె పెట్టుకుని కూర్చుందంటే నోరు ఊరుకోదు. "రాహో దీరియే, దీరియే వార్సమే, వార్సమే రోబ్లే, రోబ్లే హిర్సి, హిర్సి గూలేద్..." అంటూ మొదలుపెడుతుంది. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు, అలా పైపైకి, వంశం మొదలైన పెద్దాయన దాకా. ముందు నడిచే ఒంటె తోకకి వెనక ఒంటె తాడు కట్టినట్టు, ప్రతి పేరుకీ దాని తండ్రి పేరు కట్టి ఉంటుంది. అక్కడ పిల్లలు నమాజు నేర్చుకోకముందే ఇది నేర్చుకుంటారు. నువ్వెవరు అని అడిగితే ఊరి పేరు చెప్పరు, ఈ పేర్లు చెబుతారు.

అయితే అందరూ చిన్నప్పుడు నేర్చుకుని, అవసరమైనప్పుడు చెబుతారు. రాహో మాత్రం రోజూ చెబుతుంది. ఎందుకంటే తమ్ముడితో ఆ ఇంట మగపిల్లలు అయిపోయారు. దీరియే అనే మనిషి ఉన్నాడనీ, చలిరోజుల్లో పుట్టి ఇంటికి వెచ్చదనం తెచ్చాడని ఆయనకా పేరు పెట్టారనీ చెప్పే నోరు ఇంకొకటి లేదు. ఆడది ఆ పేర్లు మోస్తుంది గానీ ఎవరికీ అందించలేదు. దాని పిల్లలు మొగుడి పేర్లే చెబుతారు. ఇక పిల్లలే లేనిదాని సంగతి చెప్పాలా? తన నోరు మూతపడిన రోజున అంతమంది మగవాళ్ళు ఒక్కసారిగా చచ్చిపోతారని రాహోకి తెలుసు. ఆ దిగులు ఆవిడని లోపల్లోపల తినేసేది. అలిసిపోయిన మనిషికి అదొక అదనపు మోత.

ఆ కరువులోనే పక్క గుడిసెలోకి ఉగాసో అనే పడుచు ఆడపిల్ల, చెయ్యి పట్టుకున్న కూతురితో వచ్చి దిగింది. మొగుడు బీలే మిగిలిన ఒంటెల్ని తోలుకుని గడ్డి కోసం దక్షిణానికి పోయాడట. "వానలు పడగానే వస్తానన్నాడత్తా" అనేది. వానలూ పడలేదు, బీలే కూడా రాలేదు. గుడిసెల్లో వాంతులూ విరేచనాల జబ్బు వచ్చింది. చూస్తుండగానే ఉగాసో ఎండిన తోలైపోయింది. గుక్కెడు నీళ్ళు కడుపులో నిలవని ఆ స్థితిలో కూడా రాహో చెయ్యి పట్టుకుని పిల్ల తిండి గురించి అడగలేదు, బట్ట గురించి అడగలేదు.

"అత్తా, దానికి దాని పేర్లన్నీ వచ్చు. నేనే నేర్పాను. రోజూ చెప్పించు. మర్చిపోనివ్వకు. వాళ్ళ వాళ్ళు వెతుక్కుంటూ వస్తే, ఆ పేర్లే కదా దానికి దారి."

"చెప్పిస్తాలే. నువ్వు కాసేపు కళ్ళు మూసుకో" అంది రాహో.

ఉగాసో కళ్ళు మూసుకుంది. ఆ మాట ఎందుకన్నానా అని రాహో తర్వాత ఎన్నిసార్లు నాలుక కరుచుకుందో.

పిల్ల పేరు బర్వాకో. అంటే వానలు పడి, గడ్డి ఎదిగి, పాలు పొంగిపొర్లే కాలం. పక్కటెముకలు చర్మంలోంచి తొంగిచూస్తున్న ఆ పిల్లని చెయ్యి పట్టుకుని రాహో తన గుడిసెలోకి తీసుకుపోతుంటే, టీకొట్టు పరదా నీడలో కూర్చున్న కుల్మియే పకపకా నవ్వాడు. కుల్మియే ఆ గుడిసెలకి పెద్దమనిషి. ఒక చెవి వినపడదు. అందుకని అందరూ ఆయన్ని చెవిటోడా అనే పిలుస్తారు. అక్కడ మనిషిలో ఏ లోపముంటే అదే పిలుపు. పిలిచినవాడు జంకడు, పలికినవాడు నొచ్చుకోడు.

"సుఖం గుడిసెలోకి సమృద్ధి వస్తోందర్రోయ్! ఇక మనకి కరువేంటి?" అన్నాడు కుల్మియే.

"నీ నోట్లో మన్నుపడ, చెవిటోడా! తల్లిని పూడ్చి వచ్చాం, ఇప్పుడా నీ వేళాకోళం?" అంది రాహో.

ఆయన నవ్వు ఆపేశాడు. సాయంత్రం పంచదార పొట్లం పట్టుకుని గుడిసె దగ్గరికి వచ్చాడు.

మొదటి రోజుల్లో పిల్లకి ఒళ్ళు కాలిపోయేది. ఆ జ్వరంలో పలవరిస్తూ పేర్లన్నీ ఏకరువు పెట్టేది. "బర్వాకో బీలే, బీలే షిర్దోన్, షిర్దోన్ వార్సమే, వార్సమే గేద్ది, గేద్ది సమకాబ్..." తడిగుడ్డ నుదుట వేస్తూ రాహో వింది. వీళ్ళకీ ఒక వార్సమే ఉన్నాడన్నమాట, అనుకుంది. అందులో వింతేమీ లేదు. వార్సమే అంటే శుభవార్త. పుట్టినరోజున ఏదో ఒక మంచికబురు వచ్చిందని కొడుక్కి ఆ పేరు పెట్టుకోని వంశం ఆ మైదానాల్లో దొరకదు. ఈ పిల్ల వాళ్ళ వార్సమే గేద్ది కొడుకు. తన వార్సమే రోబ్లే కొడుకు. ఎవరి వార్సమే వాళ్ళది.

జ్వరం తగ్గింది. తర్వాత ఉగాసోకి ఇచ్చిన మాట నిలబెట్టుకునే ఓపిక రాహోకి ఏదీ? నీళ్ళ లారీ దగ్గర తోపులాట, కట్టెల కోసం నడక, మేకల వెంట పరుగు. పొద్దుగూకేసరికి ఒళ్ళు హూనమైపోయేది. "ఏదీ, నీ పేర్లు చెప్పవే" అనేది. పిల్ల రెండో పేరుకి వచ్చేసరికి తను కునుకు తీసేది. పిల్ల చెప్పిందో లేదో దేవుడికే తెలియాలి. పొద్దున మాత్రం బర్వాకో మేక మెడ పట్టుకుని కూర్చుని, పాలధార గిన్నెలో పడే చప్పుడుతో పాటు రాహో గొణుగుడు వినేది. రాహోకి అదేమీ పట్టలేదు. పిల్ల మేక కదలకుండా పట్టుకుంటోంది, అంతే చాలనుకుంది.

ఆ ఏడు చిన్న వానలు పడ్డాయి. జనం ఒక్కొక్కళ్ళే గుడిసెలు పీక్కుని వెళ్ళిపోతున్నారు. అలాంటప్పుడు ఒక ముసలాయన వచ్చాడు. గోరింట పెట్టిన ఎర్రగడ్డం, మొదళ్ళలో తెలుపు దిగి చాలాకాలమైనట్టుంది. చెప్పులు అరిగి మడమలు నేలకి తగులుతున్నాయి. పేరు ఫాహియే. టీకొట్టు పరదా కింద కుల్మియే పక్కన కూలబడి, టీ తాగి, అప్పుడు నోరు విప్పాడు.

"మా అన్న షిర్దోన్ వార్సమే కొడుకు బీలే అనేవాడు. దక్షిణాన ఒక బావి దగ్గర జబ్బుపడి పోయాడు. పెళ్ళాన్నీ కూతుర్నీ బూరావో దారిలో వదిలానని పోయేముందు చెప్పాడట. అప్పట్నించీ గుడిసెలున్న చోటల్లా తిరుగుతున్నా. పిల్ల పేరు బర్వాకో."

"కోడలి పేరు?" అన్నాడు కుల్మియే, మంచి చెవి అటు తిప్పి.

"అసలు పేరు ఎవడికి గుర్తుంది? పొడుగుపిల్లా, పొడుగుపిల్లా అనేవాళ్ళం."

"చాల్లే. పొడుగుపిల్లలు ఇక్కడ ఎంతమంది పోయారో ఎవరు చూడొచ్చారు? ఒక బర్వాకో ఉన్నమాట నిజమే, తండ్రి బీలే షిర్దోన్ అన్నమాటా నిజమే. కానీ బీలే షిర్దోన్ వార్సమేలు ఏ ముళ్ళపొద దులిపినా ఇద్దరు రాలతారు. మీ వార్సమే ఎవరి కొడుకు?"

"అది నేను చెప్పను, పిల్లే చెప్పాలి. నేను ముందు చెబితే నా మొహం చూసి చెబుతుంది" అన్నాడు ఫాహియే.

"మాట న్యాయంగా ఉంది" అన్నాడు కుల్మియే. కబురు పంపాడు.

రాహో పిల్లని తీసుకుని వచ్చింది. వచ్చే దారిలోనే ఆవిడకి అంతా అర్థమైపోయింది. వాళ్ళ వాళ్ళు వచ్చారు, పిల్ల వెళ్ళిపోతుంది, మంచిదే కదా, తల్లి కోరింది అదే కదా అని తనకి తనే చెప్పుకుంది. గుండె మాత్రం వినలేదు. పిల్ల తల నిమిరి, చున్నీ సరిచేసి, మళ్ళీ సరిచేసి నిలబెట్టింది.

"చెప్పు తల్లీ, నువ్వెవరివి?" అన్నాడు ఫాహియే.

బర్వాకో చేతులు వెనక్కి కట్టుకుంది. గొంతు సవరించుకుంది. పదిమంది మధ్య చెప్పడం అదే మొదలు, హుషారుగా ఉంది.

"బర్వాకో బీలే, బీలే షిర్దోన్, షిర్దోన్ వార్సమే..."

ఫాహియే కళ్ళు మూసుకుని, ఒక్కో పేరుకీ తల ఊపుతున్నాడు.

"...వార్సమే రోబ్లే, రోబ్లే హిర్సి, హిర్సి గూలేద్..."

ఫాహియే తల ఊపడం ఆగిపోయింది. రాహో తలెత్తి పిల్ల వైపు చూసింది. అవి తన పేర్లు. మేక దగ్గర తను గొణిగే పేర్లు, తను ఎక్కడ ఆగి గుక్క తిప్పుకుంటుందో అక్కడే ఆగుతూ, తను ఎక్కడ గొంతు తగ్గిస్తుందో అక్కడే తగ్గిస్తూ, ఆ పిల్ల చివరిదాకా చెప్పేసింది. రెండు వంశాల్లోనూ ఉన్న ఆ వార్సమే దగ్గరికి వచ్చి, తన దారి వదిలి రాహో దారిలోకి తిరిగిపోయింది. ఒక్క పేరు తడబడలేదు.

"మా పిల్ల కాదు" అన్నాడు ఫాహియే. కళ్ళు తెరవడానికి కూడా ఓపిక లేనట్టు మెల్లగా తెరిచాడు. "మా వార్సమే గేద్ది కొడుకు. ఈ రోబ్లే ఎవరో మాకు తెలీదు."

కుల్మియే మాత్రం మంచి చెవిని పిల్ల వైపు అలాగే పెట్టి ఉంచాడు. "ఆగాగు. రోబ్లే హిర్సి, హిర్సి గూలేద్... రాహో అక్కా! ఇవి మీ వాళ్ళ పేర్లు కావూ? నీ తాతే కదా వార్సమే రోబ్లే!"

రాహో పిల్ల చున్నీ ఇంకోసారి సరిచేసింది.

"మీ తాత ముసలితనంలో ఇంకో పెళ్ళి చేసుకుని ఉంటాడు, మీకు చెప్పి ఉండడు. మగవాళ్ళ సంగతి నాకు తెలీదా?" అన్నాడు కుల్మియే తొడ చరుచుకుని. "అనాథని చేరదీశావనుకుంటే, అది నీ బాబాయి మనవరాలా! నీ ఇంటి దీపం నీ గుడిసెకే నడిచొచ్చింది కదే!"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు దేవుణ్ణి తలుచుకున్నారు. ఒకావిడ రాహోని కావలించుకుంది. రాహో కొయ్యలా నిలబడింది. తప్పు దిద్దడానికి ఒక్క మాట చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చి ఆగింది. ఎందుకు ఆగదు? ఆ మాట అనకపోతే పిల్ల తన దగ్గరే ఉంటుంది. మేక మెడ పట్టుకుంటుంది. తను పోయాక కూడా రోబ్లే, హిర్సి, గూలేద్ ఒక నోట్లో బతికుంటారు. ఏళ్ళ తరబడి ఒంటరిగా మోసిన మోతని ఇంకో భుజం అందుకుంటానంటే, అలిసిపోయిన మనిషి వద్దనగలదా? తనేమీ అబద్ధం చెప్పలేదు కదా, ఊరికే ఉంది, అంతే.

ఫాహియే కర్ర పట్టుకుని లేచాడు. పోబోతూ ఆగి, నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి, అందులో ఉన్న ఖర్జూరాలు పిల్ల దోసిట్లో పోశాడు.

"మా పిల్లవి కాకపోతే ఏంలే, తిను. మా బీలేకి కూతురు పుట్టినప్పుడు భలే వాన పడింది. ఒంటెలు ఈనాయి, పాలు ఎక్కడ పొయ్యాలో తెలియక నేలపాలు చేశాం. బర్వాకో అని పెట్టండ్రా అని నేనే అన్నాను." కాసేపు పిల్ల మొహంలోకి చూశాడు. "ఆ పిల్ల కూడా ఇప్పుడు ఇంతే ఉంటుంది."

అని చెప్పి రోడ్డు వైపు నడిచాడు. తూర్పు వెళ్ళే బండి దొరికితే ఇంకో చోట వెతుకుతాడట.

గుడిసెలో బర్వాకో ఖర్జూరం గింజ బుగ్గన పెట్టుకుని చప్పరిస్తోంది.

"అవ్వా, ఒక్కటి కూడా తప్పలేదు కదా?"

"లేదు" అంది రాహో.

"అమ్మ ఉంటే సంతోషించేది కదా?"

రాహో పొయ్యి ఊదుతున్నట్టు మొహం అటు తిప్పుకుంది.

"నా పెళ్ళికి వచ్చినవాళ్ళు కూడా పేర్లన్నీ అడుగుతారంట. అప్పుడు కూడా ఇలాగే గడగడా చెప్పేస్తా."

ఊదుతున్న రాహో ఆగిపోయింది. అవును, అడుగుతారు. ఎవరో ఒక కుర్రాడి తరఫున పెద్దలు వచ్చి కూర్చుంటారు. ఆ కుర్రాడు ఫాహియే మనవడే అయితే? గేద్ది వంశంలోవాడే అయితే? ఈ పిల్ల రోబ్లే, హిర్సి అని చెబుతుంది. వేరే వంశం, బ్రహ్మాండమైన సంబంధం అంటారు. సొంత రక్తానికి సొంత రక్తాన్ని కట్టబెట్టి, విందు తిని పోతారు. ఈ పిల్లకి రేపు ఏ అన్యాయమో జరిగితే, మా ఆడపిల్ల అని లేచే మగవాడు రోబ్లే వైపు ఒక్కడూ లేడు. గేద్ది వైపు ఊరంతా ఉంది. పేర్లే కదా దానికి దారి అంది ఉగాసో. ఆ దారిని తను మేక దగ్గర కూర్చుని మళ్ళించేసింది. ఛీ, ఏం బతుకు నాది, అనుకుంది. చనిపోయినవాళ్ళకి తోడు కోసం బతికున్న పిల్లని ఇస్తానా?

మోకాళ్ళు పట్టుకుని లేచింది. "ఇక్కడే ఉండు, పొయ్యి దగ్గరికి పోకు" అని చెప్పి రోడ్డు వైపు బయల్దేరింది.

ఫాహియే రోడ్డు పక్కన, ఖాళీ నీళ్ళ పీపా నీడలో కూర్చుని ఉన్నాడు. బండి ఇంకా రాలేదు. రాహో వచ్చి, ఆయనకి కాస్త ఎడంగా కూలబడి, ఊపిరి అందుకోవడానికి చాలాసేపు తీసుకుంది.

"మీ వార్సమే గేద్ది కొడుకన్నావు. గేద్ది సమకాబ్ కొడుకా?" అంది.

ఆయన తల గిర్రున తిప్పాడు. "సమకాబ్ కొడుకే. నీకెలా తెలుసు?"

"సమకాబ్ లీబాన్ కొడుకు. ఆ పిల్ల జ్వరంలో చెప్పేది. నాకప్పుడే తెలుసు. పొద్దున అది చెప్పినవి నా పేర్లు. పాలు పితుకుతూ నేను చెప్పుకుంటుంటే వినేసింది. వార్సమే దాకా దాని సొంతం, ఆ తర్వాత నావి." ఆవిడ గుడిసెల వైపు చెయ్యి చూపించింది. "వాళ్ళమ్మ పేరు ఉగాసో. పొడుగుపిల్లే. తడిక లోపలికి రావాలంటే నడుం వంచేది. బీలే ఒంటెలు తోలుకుని దక్షిణానికి పోయాడని చెప్పేది."

దూరంగా దుమ్ము లేచింది. బండేమో అనుకున్నారు, సుడిగాలి.

"అక్కడే చెప్పొచ్చు కదమ్మా" అన్నాడు ఫాహియే.

"చెప్పొచ్చు."

"నేను పోయేవాణ్ణే. ఇక ఇటువైపు వచ్చేవాణ్ణి కూడా కాదు. ఎందుకొచ్చావు?"

"నాకు నిద్ర కావాలయ్యా. ఈ వయసులో ఇంక మేలుకొని కూర్చోలేను" అంది రాహో. కోపంగానే అంది. ఎవరి మీద కోపమో ఆవిడకే తెలియదు.

ఫాహియే గడ్డం నిమురుకున్నాడు. కళ్ళ నీళ్ళు ఆ గడ్డంలోకి జారాయి, తుడుచుకోలేదు. "మాతో వచ్చెయ్యి. ఒక గుడిసె వేయిస్తాను. పిల్ల కూడా నీ కళ్ళముందే ఉంటుంది."

"మీ వాళ్ళలో నేనెవర్నని చెప్పను? ఇప్పటికి మూడు కరువులు నన్ను తరిమాయి. ఇంకో చోటికి నడిచే కాళ్ళు లేవు. నా మేకలు ఇక్కడ అలవాటుపడ్డాయి. పిల్లని తీసుకుపో. రేపు పొద్దున తీసుకుపో. ఈ పూట నాకు దానితో పనుంది."

కుల్మియేకి చెబితే ఆయన రెండు చెవులూ మార్చి మార్చి పెట్టి విన్నాడు. "ఏదో ఒక రోజు ఈ మంచి చెవి నన్ను ముంచుతుందని అనుకుంటూనే ఉన్నా" అన్నాడు. ఫాహియేకి తన గుడిసెలో చాప వేశాడు.

ఆ సాయంత్రం రాహో కునుకు తీయలేదు. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"చెప్పు. షిర్దోన్ వార్సమే, వార్సమే..."

"రోబ్లే."

"కాదే. గేద్ది. మీ అమ్మ నేర్పింది గుర్తులేదూ? గేద్ది. వలస పోతుంటే దారిలో పుట్టాడని ఆయనకా పేరు."

"నువ్వు రోబ్లే అంటావుగా, మేక దగ్గర."

"నేనంటాను. రోబ్లే నావాడు. నా తాతకి నాన్న. నీకేమీ కాడు."

"నాకెందుకేం కాడు?"

రాహో పిల్ల గడ్డం పట్టుకుంది. "గేద్ది అనవే" అంది.

"రోబ్లే వానలో పుట్టాడన్నావు. నాకు వాన ఇష్టం."

"నీ దుంపతెగ! ఇష్టాలతో తాతలు దొరకరు. గేద్ది అను."

పిల్ల పెదవి బిగించింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మరి నేను గేద్ది అంటే, రోబ్లే అని ఎవరంటారు?"

"నేను లేనూ?"

"నువ్వు చచ్చిపోతే?"

ఆ పిల్ల చావుని దగ్గర్నుంచి చూసింది కాబట్టి ఊరికే, తెలుసుకోవాలని అడిగింది. రాహో దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. ఎముకలకి ఎముకలు గుచ్చుకున్నాయి. "చచ్చిపోతే చచ్చిపోతా. నువ్వు గేద్ది అను, నా తల్లివి కదూ. గేద్ది, గేద్ది సమకాబ్, సమకాబ్ లీబాన్..." పిల్ల వెక్కుతూ అంది. రాహో కూడా వెంట అంది. మళ్ళీ అన్నారు. వార్సమే దగ్గరికి రాగానే పిల్ల నోరు రోబ్లే వైపు జారేది, రాహో గేద్ది వైపు లాగేది. ఎంతసేపు అలా లాగిందో, తన గొంతు బొంగురుపోయి మాట పెగలకుండా అయ్యేదాకా లాగింది. చివరికి పిల్ల నిద్రలో కూడా గేద్ది అంది. అప్పుడు వదిలింది.

పొద్దున్నే కూరగాయల బండి ఒకటి తూర్పుకి పోతుంటే ఆపారు. ఫాహియే ముందు ఎక్కి, పిల్లని బస్తాల మీద కూర్చోబెట్టుకున్నాడు. రాహో అట్లు గుడ్డలో కట్టి ఇచ్చింది. పిల్ల జడ మళ్ళీ అల్లుదామని చెయ్యి పెట్టింది గానీ, డ్రైవరు హారన్ కొట్టాడు. ఫాహియే వంగి రాహో చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకి అద్దుకున్నాడు. ఏదో అనబోయాడు, ఇంజను చప్పుడులో వినపడలేదు.

బండి కదిలాక బర్వాకో బస్తాల మీద లేచి నిలబడింది. చున్నీ కొస పట్టుకుని ఫాహియే కిందికి లాగుతున్నా వినకుండా, నోటి చుట్టూ చేతులు పెట్టుకుని అరిచింది.

"అవ్వా! గేద్ది! వార్సమే గేద్ది! చూశావా, తప్పలేదు!"

"శభాష్" అంది రాహో. బొంగురుపోయిన గొంతు తనకే వినపడలేదు. చెయ్యి ఊపింది. దుమ్ము తగ్గేదాకా అక్కడే నిలబడింది.

గుడిసెకి వచ్చేసరికి మేకలు అరుస్తున్నాయి. పితికే వేళ దాటిపోయింది. గిన్నె తీసుకుని కూర్చుంది. మెడ పట్టుకునేవాళ్ళు లేక మేక అటూ ఇటూ కదులుతుంటే మోచేత్తో అదిమిపట్టింది. పాలధార గిన్నెలో పడగానే, ఎన్నో ఏళ్ళ అలవాటు కదా, నోరు దానంతటదే మొదలుపెట్టింది.

"రాహో దీరియే, దీరియే వార్సమే, వార్సమే గేద్ది, గేద్ది సమకాబ్, సమకాబ్ లీబాన్..."

చెయ్యి ఆగిపోయింది. మేక వెనక్కి తిరిగి చూసింది.

"ఓసి నీ అమ్మ కడుపు కాలా, ముసలిదానా" అని తనని తనే తిట్టుకుంది. "అది ఎక్కడికి పోయిందో నువ్వూ అక్కడికే పోతున్నావే!" నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఏడుపు వచ్చింది. చెంగుతో మొహం తుడుచుకుని, మొదట్నించీ మొదలుపెట్టింది. తండ్రి దగ్గరికి వచ్చింది, తాత దగ్గరికి వచ్చింది. వార్సమే తర్వాత నోరు మళ్ళీ గేద్ది అంది. నిన్న సాయంత్రమంతా లాగి లాగి తనే వేసిన దారి అది. ఇంకోసారి మొదలుపెట్టింది. ఆ పేరు దగ్గరికి వచ్చాక ఆగి, నిలబడి, ఆలోచించి, సరైన పేరు వెతుక్కోవచ్చు. వెతికితే దొరుకుతుంది, ఎక్కడికి పోతుంది? కానీ వెతకడానికి ఆవిడకి ఓపిక లేదు. పిల్ల పేర్లు నోట్లో ఉంటే పిల్ల పక్కనే ఉన్నట్టుంది.

రెండు మేకలూ పితకడం అయిపోయేదాకా ఆ పేర్లే చెప్పుకుంది. చివరిదాకా, ఒక్కటీ తప్పకుండా. ఆ రోజు ఆ మైదానంలో రోబ్లే పేరు ఎవరూ పలకలేదు.